తుఫాను దాటాక చేలో నిలిచిన నీరు: డెల్టా వరి రైతు లెక్కలు

కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి రైతును తుఫాను తీరం దాటిన రాత్రి కంటే ఆ తర్వాతి మూడు నాలుగు రోజులే ఎక్కువగా దెబ్బతీస్తాయి. గాలికి చేను పడిపోతుంది, నిజమే. అయినా కింద నీరు లేకపోతే పడిపోయిన చేలోంచి కూడా గింజ చాలావరకు ఇంటికొస్తుంది. గాలి తగలకుండా నిటారుగా ఉన్న పైరు సైతం వారం పైన నిండా మునిగితే మిగలడం కష్టం. అందుకే ఈ టపా అంతా నీటి గురించే: చేలోకి ఎంత వస్తుంది, ఎటు పోవాలి, ఎందుకు పోదు, పోయాక పైరు దశను బట్టి ఏం చేయాలి.

ముందు లెక్క చూద్దాం. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. దాని మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్లు. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ, అదీ దాటితే అత్యంత భారీ. అంటే 20 సెంటీమీటర్లు పడిన రోజు ఎకరా చేలోకి 8 లక్షల లీటర్లు దిగుతాయి. 5 హార్స్‌పవర్ ఆయిల్ ఇంజను, 4 అంగుళాల పైపు, ఎత్తు తక్కువ. గంటకు 50 వేల లీటర్లు తోడుతుందనుకుంటే ఆ ఒక్క ఎకరానికే 16 గంటలు పడుతుంది. పది ఎకరాల పల్లానికి ఒక్క ఇంజను పెడితే దాదాపు వారం రోజులు ఆగకుండా తిరగాలి. పక్క చేల నీరు గట్టు దాటి రాకుండా ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది. కాబట్టి ఇంజను ఆకుమడికి (నారుమడికి), విత్తనం కోసం వేసిన మడికి, చుట్టూ గట్టి గట్టున్న చిన్న కయ్యకు పనికొస్తుంది. మిగతా చేలన్నిటికీ నీరు తనంతట తాను వాలులో పోవాల్సిందే.

ఈ లెక్కలోంచే ఇంకో పని బయటపడుతుంది. తుఫాను హెచ్చరిక వచ్చేనాటికి చేలో 5 సెంటీమీటర్ల నీరుంటే ఎకరాకు 2 లక్షల లీటర్లు అప్పటికే ఉన్నట్టు. డ్రెయిన్ (మురుగు కాలువ) ఖాళీగా ఉన్నప్పుడే, అంటే వాన మొదలు కాకముందే దాన్ని వదిలేయాలి. సాగునీరు వచ్చే బోదె తూము మూసేయాలి. వాతావరణ శాఖ తుఫాను అలర్ట్ కనీసం 48 గంటల ముందు, వార్నింగ్ 24 గంటల ముందు ఇస్తుంది. చేను ఖాళీ చేయాల్సింది అలర్ట్ నాడే. వార్నింగ్ వచ్చేసరికి ఊరి వాళ్లందరూ ఒకేసారి గండ్లు తీస్తారు, డ్రెయిన్ నిండిపోతుంది. ఈ రెండు రోజుల్లో యూరియా చల్లడం, మందు కొట్టడం రెండూ ఆపేయండి. చల్లిన యూరియా డ్రెయిన్ పాలవుతుంది.

ఇక నీరు ఎందుకు పోదు అన్న సంగతి. డెల్టా నేలకు వాలు చాలా తక్కువ. సాగునీటి కాలువలు మెరక మీద నడుస్తాయి, మురుగు కాలువలు పల్లం వెంబడి నడుస్తాయి. కాలువలకు ఉన్న గౌరవం మురుగు కాలువలకు ఏనాడూ దక్కలేదు. మురుగు పనుల కోసం డెల్టా రైతుల మీద సెస్ వేస్తూ 1968లో చట్టమే వచ్చిందంటే సమస్య ఎంత పాతదో తెలుస్తుంది. ఇప్పటికీ ఏ డ్రెయిన్ మీద నిలబడి చూసినా గుర్రపు డెక్క, తూటికాడ, చేపల కోసం అడ్డంగా కట్టిన వలకట్లు, గట్టు లోపలికి జరిగిన చెరువు కట్టలు కనిపిస్తాయి.

గుర్రపు డెక్క ఎంత నష్టం చేస్తుందో అంకెల్లో చూస్తే కళ్లు తెరుచుకుంటాయి. శుభ్రంగా ఉన్న మట్టి కాలువకు ఇంజనీర్లు గరుకుదనం గుణకం 0.025 వేసి లెక్క కడతారు. కలుపు పెరిగితే అది 0.05కి, ఇంకా పైకీ పోతుంది. గుణకం రెట్టింపైతే అదే వెడల్పు, అదే లోతు, అదే వాలులో పారే నీరు సగానికి పడిపోతుంది. మూడు రోజుల్లో చేను వదలాల్సిన నీరు ఆరు రోజులు ఉంటుంది. మామూలు వరి రకానికి ప్రాణం ఉండటానికీ పోవడానికీ మధ్య తేడా ఆ మూడు రోజులే. అందుకే డెక్క తీసే పని మే నెలలో, కాలువలు కట్టేసి ఉన్నప్పుడే పూర్తవ్వాలని పట్టుబట్టడం న్యాయం. తీసిన డెక్కను గట్టు అంచునే పోస్తే మొదటి వానకే మళ్లీ నీళ్లలోకి జారుతుంది. దాన్ని గట్టు అవతలి వైపుకు, కనీసం రెండు మూడు మీటర్ల దూరానికి లాగించాలి. పని చూసే వాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

డ్రెయిన్ శుభ్రంగా ఉన్నా చివర సముద్రంలో కలిసే మొగ మూసుకుపోతే ప్రయోజనం లేదు. సముద్రపు అలలు ఇసుకను తెచ్చి మొగకు అడ్డం వేస్తాయి. దానికి తోడు ఆటుపోట్లు. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఒక్కోటి సుమారు ఆరు గంటలు. పోటు వేళ డ్రెయిన్ నీరు బయటికి పోదు సరికదా, ఉప్పునీరు వెనక్కి తంతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు మరీ ఎక్కువ. తీరం దగ్గరి ఊళ్లలో తూము తలుపులు పాటు మొదలవగానే ఎత్తి, పోటు తిరిగేలోపు దించాలి. రాత్రి పాటును వదిలేస్తే రోజులో సగం అవకాశం పోయినట్టే. ఊరి వాళ్లు వంతులు వేసుకుని తూము దగ్గర ఉండటం ఇంజన్ల అద్దె కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

పెద్ద నీటి ఎదుట చిన్న కాలువ ఎలా ఓడిపోతుందో 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు చూపించింది. బుడమేరు వరదను వెలగలేరు దగ్గర మళ్లించి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే కాలువ ఉంది. ఆ రోజుల్లో బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2009 అక్టోబరు నాటి 10.94 లక్షల రికార్డును అది దాటింది. నది మట్టం అంత ఎత్తున ఉంటే మళ్లింపు కాలువ నీరు అందులోకి దిగలేదు. కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి, విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. టీవీల్లో అందరూ చూసింది అంతవరకే. అదే నీరు ఆ తర్వాత నందివాడ వైపు చేల మీదుగా కొల్లేరుకు చేరింది. కొల్లేరుకు సముద్రంలోకి దారి ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్ల పొడవు, దాని మొగ దగ్గరా అదే ఆటుపోట్ల తంటా. నగరంలో నీరు తీసిన తర్వాత కూడా అక్కడి చేలలో నీరు నిలిచే ఉండటానికి కారణం అది.

చేలో గండి తీసేటప్పుడు కూడా ఇదే సూత్రం. డ్రెయిన్ మట్టం చేను మట్టం కంటే ఎక్కువగా ఉన్నప్పుడు గండి తీస్తే నీరు చేలోకే వస్తుంది. చాలామంది కంగారులో చేసే పొరపాటు ఇది. డ్రెయిన్లో ఒక కర్ర పాతి, నీటి అంచు దగ్గర గీత గీసి గంటకోసారి చూడండి. మట్టం దిగడం మొదలై, చేలో నీటికంటే కనీసం జానెడు తగ్గాక చేను పల్లపు మూలలో గండి తీయండి. రెండడుగుల వెడల్పు చాలు. గండి అడుగున, పక్కల మట్టి బస్తాలు పేర్చకపోతే కోత పడి గంటలో పది అడుగులవుతుంది; మళ్లీ కట్టడానికి మట్టి దొరకదు. పెద్ద చేనైతే ఒక్క పెద్ద గండి కంటే రెండు మూడు చిన్నవి మేలు. డ్రెయిన్ గట్టును, రోడ్డును ఎవరికి వారు తెగ్గొట్టడం మాత్రం వద్దు. మీ చేలో దిగిన నీరు కింది ఊరి చేను ముంచుతుంది, దాని వెంట గొడవలొస్తాయి. పై చేను, కింది చేను రైతులు కలిసి ఏ మడి ముందు వదలాలో మాట్లాడుకున్న చోట నీరు నిజంగానే తొందరగా పోతుంది.

సార్వాలో (ఖరీఫ్ వరిలో) ముంపు ఒకే రకంగా రాదు. సెప్టెంబరులో వస్తే పిలకల మీద పడుతుంది. అక్టోబరు చివర వస్తే ఈనిక (వెన్ను బయటికొచ్చే దశ) మీద, పాల గింజ మీద. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా అలాంటిదే. డిసెంబరులో వస్తే కోత మీద. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ అలా వచ్చింది. మూడింటికీ చేయాల్సిన పనులు వేరు. ఒకదానికి చెప్పిన సలహా ఇంకోదానికి వాడితే డబ్బు దండగ.

ఆకుమడి మునిగితే నీరు తీసేసి, 5 సెంట్ల మడికి కిలో యూరియా, కిలో పొటాష్ వేయాలి. లీటరు నీటికి గ్రాము చొప్పున కార్బెండజిమ్ కలిపి ఒకసారి పిచికారీ చేస్తే కుళ్లు ఆగుతుంది. వెదజల్లిన చేను గింజ మొలిచేలోపు మునిగితే ఆశ పెట్టుకోవద్దు. గాలి అందక గింజ మట్టిలోనే కుళ్లుతుంది. మళ్లీ విత్తడమే.

ఊడ్చిన పది రోజుల్లో మునిగిన చేను, పిలకల దశలో మునిగిన చేను వేరువేరు. నాటిన కొత్తలో దుబ్బుకు నిల్వ పిండి తక్కువ. నీటిలో ఊపిరాడక మొక్క పైకి సాగాలని చూస్తుంది, ఉన్న పిండి ఖర్చయిపోతుంది, నీరు దిగాక నిలబడలేక వాలిపోతుంది. బురద నీరైతే వెలుతురు కూడా అందదు కనుక తేటనీటి ముంపు కంటే ఇది ఇంకా చెడ్డది. ముంపును తట్టుకునే రకాల ప్రత్యేకత ఇక్కడే ఉంది. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఎ అనే పాత వరి నుంచి వచ్చిన సబ్1ఎ జన్యువు ఉన్న మొక్క నీటి కింద సాగకుండా, పిండి దాచుకుని ఆగిపోతుంది. 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ సబ్1 రెండు వారాల వరకు మునిగినా మళ్లీ చిగురిస్తుంది. మామూలు స్వర్ణ, అంటే ఎంటీయూ 7029కి ఆ శక్తి లేదు. మారుటేరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన వాటిలో ఎంటీయూ 1061 ఇంద్ర, ఎంటీయూ 1064 అమర, ఎంటీయూ 1140 భీమ పల్లపు చేలకు తగినవి. ప్రతి ఏడాదీ ఏ మూల మునుగుతుందో మీకు తెలుసు. కనీసం ఆ మూలకైనా ఈ రకాలు వేయండి. ధరలో వచ్చే చిన్న తేడా చూసుకుని అక్కడ కూడా బీపీటీ 5204 వేయడం నా దృష్టిలో సరైన పని కాదు. అది గాలికి తేలిగ్గా పడిపోయే రకం కూడా.

నీరు దిగిన రోజున చేను చూసి నిర్ణయం తీసుకోవద్దు. ఆకులన్నీ బురద పట్టి, పసుపు తిరిగి చచ్చినట్టే కనబడతాయి. నాలుగైదు దుబ్బులు పీకి మొదలు నొక్కి చూడండి. గట్టిగా, తెల్లగా ఉంటే బతికుంది. మెత్తగా జారుతూ వాసన కొడితే పోయినట్టే. నాలుగైదు రోజులాగి కొత్త ఆకు వచ్చిందేమో చూడండి. సార్వాలో చదరపు మీటరుకు మామూలుగా 33 దుబ్బులుంటాయి. చేలో నాలుగైదు చోట్ల కొలిచి చూస్తే సగానికి పైన బతికి ఉంటే ఆ చేను ఉంచుకోవచ్చు. ఖాళీల్లో మిగిలిన నారు గానీ, బాగా పిలకేసిన దుబ్బులను చీల్చిన పిలకలు గానీ నాటండి. సగం కంటే తక్కువైతే మళ్లీ ఊడ్చుకోవడం లాభం.

బతికిన చేనుకు ఎరువు కూడా కొత్త ఆకు కనిపించాకే. పిలకల దశలో ఎకరాకు 20 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ పైపాటుగా వేయాలని ఆచార్య ఎన్‌జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం సలహా. నీరు పూర్తిగా తీసి, బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజుల తర్వాత పలచగా నీరు పెట్టాలి. వేరు కుళ్లి ఉన్నప్పుడు వేసిన యూరియాను మొక్క తీసుకోలేదు, నాచు మాత్రం బాగా పెరుగుతుంది. ఆకు అంచుల నుంచి ఎండుతూ వస్తుంటే అది ఎండాకు తెగులు. గాలికి ఆకులు రాసుకుని గాయాలైన చోట బ్యాక్టీరియా దూరుతుంది. అప్పుడు నత్రజని పూర్తిగా ఆపేయాలి. ముంపు తర్వాత దుబ్బు మొదట్లో పాముపొడ మచ్చలు కూడా వస్తాయి. హెక్సాకొనజోల్ లీటరుకు 2 మిల్లీలీటర్లు, ఎకరాకు 200 లీటర్ల మందు నీరు, దుబ్బు మొదలు తడిసేలా కొట్టాలి.

ఈనిక దశ గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. వరి పువ్వు విచ్చుకునేది ఎక్కువగా ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 12 లోపు. ఆ వేళ రెండు మూడు రోజులు వరసగా వాన కొట్టినా, వెన్ను నీటిలో మునిగినా పుప్పొడి పోయి తాలు గింజలు మిగులుతాయి. ఆ గింజను తిరిగి నింపే మందు ఎక్కడా లేదు. దుకాణంలో ఎవరు ఏ టానిక్ పేరు చెప్పినా డబ్బు పెట్టకండి. చేయగలిగింది మిగిలిన గింజను కాపాడుకోవడమే: గింజ మీద నల్ల మచ్చలు రాకుండా ప్రొపికొనజోల్ లీటరుకు మిల్లీలీటరు చొప్పున, పూత వేళ దాటాక మధ్యాహ్నం మూడు తర్వాత పిచికారీ. మరో పది రోజులు సుడిదోమ కోసం దుబ్బు మొదళ్లు చూస్తూ ఉండాలి. తేమ, మబ్బు, ఒత్తుగా వాలిన చేను దానికి బాగా నచ్చుతాయి. పూత తర్వాత దుబ్బుకు 20–25 పురుగులు దాటితే పైమెట్రోజిన్ ఎకరాకు 120 గ్రాములు, మొదళ్ల మీద పడేలా కొట్టాలి. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలి ఊడ్చిన చేలో ఈ పని సులువు, లేని చేలో మందు ఆకుల మీదే ఆగిపోతుంది.

కోత వేళ వచ్చే తుఫానుది వేరే బాధ. సాలంతా పెట్టిన పెట్టుబడి అక్కడే, కళ్లెదుటే ఉంటుంది. అలర్ట్ వచ్చింది, గింజ 80–85 శాతం బంగారు రంగు తిరిగింది, కోత మిషన్ దొరికింది, ధాన్యం పోసుకోవడానికి నీడ ఉంది. ఈ నాలుగూ కలిస్తేనే కోయండి. ఒక్కటి లేకపోయినా చేను నిలబెట్టే ఉంచండి. చేత్తో కోసి పనల మీద వదిలేయడమంత నష్టం ఇంకోటి లేదు. నిలబడిన చేలో వెన్ను గాలికి ఆరుతుంది. పడిపోయిన చేలో కూడా సగం వెన్నులు దంటుల మీద తేలి ఉంటాయి. నేల మీద పరిచిన పన మాత్రం రెండో రోజుకే కిందినుంచి మొలకెత్తుతుంది.

వాన తగ్గగానే పడిపోయిన చేనును నాలుగైదు దుబ్బులు కలిపి లేపి కట్టాలి. మొత్తం కట్టలేకపోతే నీరు నిలిచిన వైపు ముందు కట్టండి. గింజ గట్టిపడి ఉంటే 5 శాతం ఉప్పు ద్రావణం, అంటే లీటరుకు 50 గ్రాములు, వెన్నులు తడిసేలా పిచికారీ చేయాలి. ఎకరాకు 200 లీటర్లకు 10 కిలోల ఉప్పు పడుతుంది. కల్లుప్పయితే ముందు బకెట్లో కరిగించి గుడ్డతో వడకట్టండి, లేకపోతే నాజిల్ పూడుకుపోతుంది. ఉప్పు నీరు గింజలోకి నీరు చేరకుండా అడ్డుకుంటుంది, అందుకే మొలక ఆగుతుంది. అప్పటికే ముక్కు పగిలిన గింజను ఇది వెనక్కి తేలేదు. అందుకని వాన ఆగిన మొదటి రోజే కొట్టాలి; మళ్లీ వాన పడి కడిగేస్తే మళ్లీ కొట్టాలి. విత్తనానికి ఉంచుకునే మడికి ఈ పని చేయొద్దు.

పనలు తడిస్తే గట్ల మీదికి చేర్చి తిరగేసి ఆరబెట్టాలి. మళ్లీ మబ్బు పట్టి కుప్ప వేయక తప్పకపోతే ఎకరా పంటకు 25 కిలోల మెత్తటి ఉప్పు పొరల మధ్య చల్లుతూ వేయండి. నూర్చిన ధాన్యం తడిసి, ఎండ రాకపోతే, క్వింటాలుకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెడితే వారం రోజుల పాటు మొలక రాకుండా, చెడకుండా ఉంటుంది. ఊక తేమను పీల్చుకుంటుంది, తర్వాత తూర్పార పడితే పోతుంది. తడి ధాన్యాన్ని బరకం కప్పి గట్టిగా బిగించి వదిలేయడం మాత్రం కూడదు. రాశి లోపల చెయ్యి పెడితే ఒక్క రాత్రికే వేడి తెలుస్తుంది. ఆ వేడికే బియ్యం పసుపు తిరుగుతుంది. వాన లేని ప్రతి గంటా బరకం తీసి, రెండు మూడు అంగుళాల మందాన పరిచి తిరగేస్తూ ఉండాలి.

ప్రభుత్వ కొనుగోలులో తేమ 17 శాతం లోపు ఉండాలి. దెబ్బతిన్న, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలన్నీ కలిపి 5 శాతం దాటకూడదు. ముంపు ప్రాంతాలకు రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని సడలింపు అడుగుతుంటుంది కానీ ఆ ఉత్తర్వు వచ్చేవరకు ధాన్యం ఆగదు. అందుకే మొలకెత్తిన చోటి ధాన్యాన్ని బాగున్న ధాన్యంలో కలపకండి. పల్లం మూల విడిగా కోయించి విడిగా సంచులకెత్తండి. కలిపితే మొత్తం రాశి ధర పడిపోతుంది. తడి చేలో టైర్ మిషన్ దిగబడి గాడులు పడతాయి. చైన్ మిషన్‌కు గంట అద్దె ఎక్కువైనా దాన్నే పిలవడం మేలు.

నష్టం నమోదులో రైతులు ఎక్కువగా పోగొట్టుకునేది ఆలస్యం వల్లే. ప్రకృతి విపత్తుల సాయానికి పంట 33 శాతం లేదా అంతకు పైగా పోయి ఉండాలి. నీటి వసతి ఉన్న పంటకు 2022–26 కేంద్ర నిబంధనల ప్రకారం హెక్టారుకు 17,000 రూపాయలు, రెండు హెక్టార్ల వరకు. రాష్ట్రం దానికి కలపొచ్చు. చేలో ఇసుక మేట వేస్తే 3 అంగుళాల మందం దాటిన చోట మేట తీయడానికి విడిగా సాయం ఉంది, కాబట్టి మేట తీసేముందే స్కేలు పెట్టి ఫొటో తీయించండి. ఫసల్ బీమాలో చేరిన వాళ్లు, కోసి ఆరబెట్టిన పంట తడిసినా సరే, 72 గంటల్లోపు 14447 నంబరుకు చెప్పాలి. కోత తర్వాత 14 రోజుల వరకే ఆ రక్షణ. నిలబడ్డ వరి మునిగితే ఒక్కో చేనుకు విడిగా నష్టం లెక్కకట్టే వీలును 2018లో తీసేశారు; 2026 ఖరీఫ్ నుంచి తిరిగి చేర్చుతున్నట్టు 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది. నీటిని ఇష్టపడే పంట కాబట్టి వరికి ముంపు నష్టం కాదన్నట్టు ఇన్నేళ్లు నడిచిన ఈ నిబంధన డెల్టా రైతుకు చేసిన అన్యాయం చిన్నది కాదు.

ఇవన్నీ ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) పేరు ఉన్నవాళ్లకే. డెల్టాలో చేను చేసేది ఎక్కువగా కౌలు రైతు. కౌలుదారుకు ఇచ్చే సాగు హక్కు కార్డు లేక, ఈ-పంటలో భూయజమాని పేరే పడితే సాయం ఆ పేరుకే పోతుంది. నష్టపోయిన వాడి చేతికి పైసా రాదు. తుఫాను వచ్చాక దీన్ని సరిదిద్దడం దాదాపు అసాధ్యం. ఊడ్పులైన నెలలోనే రైతు సేవా కేంద్రానికి వెళ్లి పేరు, సర్వే నంబరు, పంట రకం చూసుకోవాలి.

పంట మొత్తం పోతే ఏం వేయాలన్నది నెల మీద ఆధారపడుతుంది. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో పోయిన చేనుకు 150 రోజుల రకం మళ్లీ వేయకండి. పూత చలిలో పడుతుంది, దాళ్వా (రబీ వరి) వెనక్కి జరుగుతుంది. 115–120 రోజుల ఎంటీయూ 1010 కాటన్ దొర సన్నాలు, ఎంటీయూ 1153 చంద్ర, ఎంటీయూ 1156 తరంగిణి లాంటివి నయం. తీరం దగ్గర ఉప్పునీరు ఎక్కిన చేలో కాలువ నీరు నిండా పెట్టి, ఒక రోజు ఉంచి, పూర్తిగా తీసేయడం రెండు మూడు సార్లు చేసి, మట్టి పరీక్ష చేయించాకే నారు వేయండి. వరికి మట్టిలో ఉప్పు కొలత మీటరుకు 3 డెసీసీమన్లు దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది, నారుకు ఇంకా ముందే. డిసెంబరు తుఫానులో వరి చేలో చల్లిన మినుము కుళ్లిపోతే, తేమ పాదం దిగని స్థితికి వచ్చాక నెలాఖరు లోపు మళ్లీ చల్లుకోవచ్చు. విత్తనానికి కిలోకు 3 గ్రాముల థైరమ్ పట్టించి, పల్లపు మూలల్లో నాగలి చాలుతో ఒక బోదె తీసి గండి దాకా కలపండి. మినుముకు ఒక్క పూట నీరు నిలిచినా వేరు కుళ్లుతుంది.